మెట్టవీధి ఆఖరి కుళాయి

ఫిబ్రవరి 3, సోమవారం

నీళ్ళు వచ్చాయి. డ్రమ్ము అంచుల దాకా ఉంది.

పైపుల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి పంచిన డైరీ ఇది. నెల రోజులుగా బీరువా మీద దుమ్ము తింటోంది. ఊరంతటికీ నీళ్ళు అందుతున్నాయో లేదో లెక్కలు కట్టేదాన్ని, మా ఇంటి సంగతి కూడా ఒక ముక్క రాసుకుంటే పోలా అనిపించింది. పైగా మా ఆయన తారక్ పోయాక, ఇంటికొచ్చి ఆఫీసు మీద నాలుగు చాడీలు చెప్పుకోడానికి మనిషి లేకుండా పోయాడు. అత్త ఉంది. అత్తకి చెప్పే కబుర్లు వేరు.

ఈ రోజు అన్నం పెడుతూ మళ్ళీ అడిగింది.

"రోజూ బస్సెక్కి ఇశాపట్నం ఎల్లి ఏటి సేత్తావే నువ్వు?"

"మన అనకాపల్లి నీళ్ళ గొట్టాలన్నీ కంప్యూటర్లో గీశాం అత్తా. పొద్దున్న ట్యాంకు వదిలితే ఏ వీధికి ఎంత జోరుగా చేరతాయో అది లెక్క చెబుతుంది. జోరు లేని వీధులకి కొత్త గొట్టం వేస్తారు."

"మనూరి నీళ్ళ కోసం అంత దూరం ఎల్లాలేటి? ఈదిలో నిలబడి సూత్తే తెల్దా?"

నవ్వొచ్చింది. మా మేనేజర్ శ్రీదేవి మేడమ్‌కి ఈ మాట చెబితే మా ఉద్యోగాలన్నీ ఊడిపోతాయి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నీళ్ళు వచ్చాయి.

గొట్టాల కంప్యూటర్ మోడల్ మొదటిసారి నడిచింది. నీళ్ళు బాగా అందే వీధులు నీలం రంగులో, అందనివి ఎరుపులో కనిపిస్తాయి. మెట్టవీధి మొత్తం ఎర్రగా ఉంది. వీధి చివర, వాలు పైన ఉన్న ఆఖరి చుక్క మా ఇల్లు. అది అన్నిటికన్నా ఎరుపు.

ఈ ప్రోగ్రాముకి ఒక పిచ్చి నమ్మకం ఉంది. ఏ ఇంటికి ఎంత నీరు కావాలో మనం రాసి ఇస్తే, అంతా వాళ్ళకి అందిపోయిందనే అనుకుంటుంది. అందినట్టు అనుకుని, గొట్టంలో ఇంకా ఎంత ఒత్తిడి మిగిలిందో చెబుతుంది. అది మైనస్‌లోకి పోతే, ఓహో అందలేదన్న మాట అని మనం తెలుసుకోవాలి. పాపం, దానంతట అది చెప్పదు.

ఇంటికొచ్చి అత్తతో అన్నాను, మన కుళాయికి నీళ్ళు రావట అని. అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవలు సెప్పేరు? రాకపోతే నీ తానానికి నీల్లు ఎక్కడివి? డ్రమ్ము సూసుకో."

నిజమే. రోజూ నేను ఏడింటికి లేచేసరికి డ్రమ్ము నిండి ఉంటుంది. నీళ్ళు వదిలేది తెల్లవారుజామునే కాబట్టి నేనెప్పుడూ పట్టింది లేదు. పట్టనివ్వదు కూడా. "రాత్తిరి ఎనిమిదికొత్తావు, పొద్దున్న కూడా లేపితే ఏటవుతావే, పడుకో," అంటుంది. మోడల్‌లో ఏదో తప్పుంది. ఇంకా ఫీల్డు కొలతలతో సరిచూడలేదుగా.

ఫిబ్రవరి 12, బుధవారం

నీళ్ళు వచ్చాయి.

ఆఫీసుకి దగ్గర్లో ఒక ఫ్లాట్ ఖాళీ అయిందని కొలీగ్ ఫోన్ చేసింది. వంటింట్లోంచి వినపడుతుందేమోనని వరండాలోకి వెళ్ళి మాట్లాడాను. చూసి చెబుతాను అన్నాను. నిజం చెప్పాలంటే చూడాలనే ఉంది. రోజూ మూడు గంటలు బస్సులోనే పోతున్నాయి. తారక్ లేని ఈ ఇంట్లో ఇంకా ఎందుకున్నావని మా పుట్టింటి వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అత్తని కూడా తీసుకెళ్ళొచ్చు. వస్తుందా? రాదు. ఈ వీధి, కింద మలుపులో చేపలమ్మే తలుపులమ్మ, నూకాలమ్మ గుడి, ఇవి దాటి అత్త ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

లోపలికి వచ్చేసరికి అత్త బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 13

నీళ్ళు వచ్చాయి. రెండు డ్రమ్ములూ నిండాయి! ఆ రెండోదానిలో తారక్ చిన్నప్పటి బట్టలు ఉండేవి. తీసి, కడిగి, నింపింది.

"రెండోది దేనికత్తా?"

"ఉన్నాయి గదాని పట్టేను. తలకి పోసుకో. ఇశాపట్నంలో ఇంత నీరు ఇత్తారేటి నీకు?"

విన్నదన్న మాట.

ఫిబ్రవరి 20, గురువారం

నీళ్ళు వచ్చాయి.

అత్తకి ఆయాసంగా ఉంటోంది. నేను చూస్తున్నప్పుడు కాదు. నేను పక్క గదిలో ఉన్నప్పుడు వినిపిస్తుంది. నేను గడపలోకి రాగానే ఆగిపోతుంది. ఎలా ఉందత్తా అంటే "బాగుంది" అంటుంది. సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పెళ్ళికి వెళ్తున్నట్టు తయారైంది. గంజి పెట్టిన చీర, మొహానికి పౌడరు, కొప్పులో కనకాంబరాలు. డాక్టరు ముందు నిటారుగా కూర్చుని, ఆయన ఒక మాట అడిగితే రెండు జోకులు వేసింది. ఆయనకీ నచ్చేసింది. పర్వాలేదు, కానీ గుండెకి ఒకసారి విశాఖలో స్కాన్ తీయించండి అన్నాడు.

"నూకాలమ్మ పండగ అయినాక ఎల్దాం," అంది బయటికి రాగానే.

"పండగ ఇంకా నెల పైనుంది."

"అమ్మోరి పేరెట్టుకున్నాను. అమ్మోరి ముందు ఆసుపత్రి ఏటి?"

బాగానే ఉంది కదా అనుకున్నాను. నవ్వుతూనే ఉంది కదా.

ఫిబ్రవరి 25

నీళ్ళు వచ్చాయి. గురువారం మన వీధిలోనే నీటి ఒత్తిడి కొలత. ఆఖరి కుళాయి మనదే కాబట్టి మన కుళాయికే మీటరు పెడతాం అని చెప్పాను. అత్త చాలా ప్రశ్నలు అడిగింది. ముల్లు ఎక్కడ ఉండాలి, లేవకపోతే ఏమవుతుంది, నిన్ను ఎవరైనా ఏమైనా అంటారా. ఇంత శ్రద్ధగా నా ఉద్యోగం గురించి తారక్ కూడా అడగలేదు. ముల్లు పైకి లేస్తే మంచిదే అత్తా అని చెప్పి పడుకున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

నీళ్ళు వచ్చాయి. నా కళ్ళతో చూశాను!

చీకటి విడకముందే ఫిట్టరు పరదేశి మీటరు తెచ్చాడు. నేను లేచేసరికి అత్త అప్పటికే లేచి ఎక్కడో తిరిగి వచ్చింది. చీర చెంగుతో చెమట తుడుచుకుంటోంది. పరదేశి కుళాయి విప్పి మీటరు బిగించాడు. ట్యాంకు వదిలారని ఫోన్ వచ్చిన కాసేపటికి ముల్లు కదిలింది. అలా లేచి, లేచి, నేను అనుకున్న దానికి మూడు రెట్ల దగ్గర ఆగింది. పరదేశి నోరు తెరిచాడు.

"ఏటి మేడం, మెట్ట మీద ఇంత జోరా!"

వీధి భలే ప్రశాంతంగా ఉంది. రోజూ నిద్రలో కూడా వినిపించే మోటార్ల గోల ఒక్కటీ లేదు. ఆడవాళ్ళంతా గుమ్మాల్లో కూర్చున్నారు, బిందెలు బోర్లించుకుని, ఏదో తెర కట్టి సినిమా వేస్తున్నట్టు మా వైపే చూస్తూ. కింద మలుపు నుంచి తలుపులమ్మ పైదాకా వచ్చి నిలబడింది. ముల్లు లేచిందని పరదేశి అరవగానే వీధంతా నవ్వింది. అత్త లోపలికి వెళ్ళి బెల్లం దిమ్మ పగలగొట్టి అందరికీ పంచింది.

నాకు చాలా సంతోషం వేసింది. ఇన్నేళ్ళలో ఈ వీధి నన్ను తారక్ పెళ్ళాంగానే చూసింది. ఈ రోజు ఇంజనీరుగా చూసింది.

ఫిబ్రవరి 28

నీళ్ళు వచ్చాయి. ఒక్క డ్రమ్మే. అత్తకి నడుం నొప్పట.

ఆఫీసులో రోజంతా కుస్తీ. మోడల్ ఎరుపు అంటుంది, మీటరు కాదంటుంది. ఇలాంటప్పుడు మీటరునే నమ్మాలి, ఇది మా వృత్తి ధర్మం. మోడల్‌ని దానికి తగ్గట్టు సరిచెయ్యాలి. మెట్టవీధి గొట్టం లోపల తుప్పు పట్టి గరుకుగా ఉంటుందని రాసుకున్నాం. అంత జోరు రావాలంటే అది కొత్త గొట్టంలా నున్నగా ఉండాలి. తారక్ పుట్టక ముందు వేసిన ఇనప గొట్టం అది. మధ్యలో ఎప్పుడో మార్చి ఉంటారు, మున్సిపాలిటీలో కాగితం దొరకలేదంతే. అంకె మార్చాను. వీధి నీలంగా మారింది.

శ్రీదేవి మేడమ్ చూసి, "నువ్వుండే వీధేగా, నీకు తెలియనిదేముంది," అన్నారు.

అవును. రోజూ డ్రమ్ము చూస్తున్నాను కదా.

మార్చి 5, బుధవారం

నీళ్ళు వచ్చాయి. రిపోర్టు వెళ్ళింది. కొత్త గొట్టాలు వేసే వీధుల్లో మెట్టవీధి లేదు. అవసరం ఉన్న వాళ్ళకే వెళ్ళాలి కదా. మా ఇంటి కోసం రాయించుకుందని ఎవరూ అనలేరు. ఆ మాటకి కొంచెం గర్వంగా కూడా ఉంది.

మార్చి 12

నీళ్ళు వచ్చాయి.

అత్త పాదాలు వాచాయి. నొక్కితే గుంట పడుతోంది. రేపే స్కాన్‌కి వెళ్దాం అన్నాను. "పండగెల్లనీ." గట్టిగా అరిచాను. అత్త కూడా అరిచింది. అరిచాక చాలాసేపు ఊపిరి అందుకోలేకపోయింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి నవ్వింది.

"బాగున్నానే. నీకేటి బెంగ? ఆ ప్లాటు సూసేవా?"

"ఏ ఫ్లాటు?"

"అదే. ఎల్తావేటి?"

"జూన్‌లో చూద్దాం," అన్నాను. ఎందుకలా అన్నానో. లేదు అంటే సరిపోయేది. ఉండిపోతాను అని ఒక్క మాట అనడానికి నాకు ఏమొచ్చింది?

మార్చి 16, ఆదివారం

రెండు డ్రమ్ములూ నిండాయి. మళ్ళీ.

మార్చి 17

అత్త పోయింది.

మార్చి 21

రాయాలి. రాయకపోతే ఆ రోజు గుండెల మీద నుంచి దిగేట్టు లేదు.

నేను లేచేసరికి అత్త పెరట్లో కుళాయి పక్కన గట్టు మీద కూర్చుని ఉంది. గోడకి ఆనుకుని. పక్కన బిందె. చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకి అంటుకున్నాయి, భుజం కూడా తడిసింది. నీళ్ళు పడుతూ కూర్చుందనుకున్నాను. కుళాయి కట్టేసే ఉంది. అత్తా అన్నాను. కళ్ళు తెరిచి, "నిండిపోనాది, ఎల్లి పోసుకో," అంది. మాట ముద్దగా వచ్చింది. తలుపులమ్మ, వీధిలో వాళ్ళు ఆటో తెచ్చారు. మధ్యాహ్నం దాటలేదు.

డాక్టరు అడిగాడు, బరువులేమైనా మోసేదా అని. లేదండి అన్నాను. బరువు పనులు ఏమీ లేవు, మాకు కుళాయి ఇంట్లోనే ఉంది అన్నాను.

వరసకి మరిది అయ్యే కన్నబాబు కొరివి పెట్టాడు. చిన్నదినం అయింది. పొయ్యి వెలిగించకూడదని అన్నం తలుపులమ్మ ఇంటి నుంచే వస్తోంది.

పండగ దాకా అని ఎందుకు ఆగాను? ఎత్తుకుని అయినా తీసుకెళ్ళాల్సింది. పౌడరు రాసుకుని నవ్విందని నమ్మాను.

మార్చి 24

నిద్ర లేవగానే అత్త ఆయాసం కోసం వింటున్నాను.

మార్చి 28, శుక్రవారం

నిన్న పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. కన్నబాబు వెళ్తూ, "వదినా, ఇంక ఇక్కడెందుకు, వైజాగ్ ఎల్లిపో. ఇల్లు నేను సూసుకుంటాను," అన్నాడు. మంచి మాటే.

నీళ్ళు వచ్చాయి. అత్త పోయాక ఈ మాట ఇదే మొదటిసారి రాయడం. డ్రమ్ము నిండుగా ఉంది. కర్మ రోజుల్లో వీధి వాళ్ళు పట్టి పోశారు, అది మామూలే. ఈ రోజు కూడా ఎవరో నేను లేవకముందే కుళాయి తిప్పి పట్టి వెళ్ళారు. పెరటి తలుపు గడియ వెయ్యడం మరిచిపోతున్నాను.

మార్చి 29

కొత్త అమావాస్య. నూకాలమ్మ పండగ. మా ఇంటికి లేదు. మైకులు వినపడుతున్నాయి. పండగైనాక ఎల్దాం అంది.

నీళ్ళు వచ్చాయి.

ఏప్రిల్ 1

నీళ్ళు వచ్చాయి. వీధిలో తలుపులమ్మ కనిపిస్తే అడిగాను, ఎవరు పడుతున్నారు పిన్నీ అని. "ఎవలో ఒకలు పడతన్నార్లే, కుళాయి తిప్పితే వత్తాయి గదా," అని గబగబా వెళ్ళిపోయింది.

నేను లేచి పట్టుకోవాలి. ఎన్నాళ్ళని వాళ్ళు పడతారు? అలారం పెట్టుకుంటాను, ఆపేస్తాను. అత్త కుళాయి దగ్గరికి వెళ్ళాలంటే భయంగా ఉంది. ఆ గట్టు ఇంకా చూడలేదు సరిగ్గా.

ఫ్లాటు చూశాను. బాగుంది. ఇరవై నాలుగు గంటలూ నీళ్ళట.

ఏప్రిల్ 3, గురువారం

ఈ రోజుది వరసగా రాస్తాను.

విశాఖలో ఉదయమే మీటింగు ఉండి తొందరగా లేచాను. పెరటి తలుపు తీసేసరికి ఎదురుగా తలుపులమ్మ. తల మీద బిందె, చంకలో బిందె. వెనక వాలు ఎక్కుతూ, సగం దారిలో ఇల్లున్న అప్పలనర్సమ్మ, ఆవిడా అంతే. ఇద్దరూ ఆగిపోయారు. తలుపులమ్మ మొహం దొంగతనం పట్టుబడినట్టు అయిపోయింది.

"నీల్లొచ్చినాయమ్మా," అంది. రెండు బిందెలు మోస్తూ, ఆయాసపడుతూ, నా కళ్ళలోకి చూసి, నీళ్ళొచ్చాయి అంది.

నేను వెళ్ళి కుళాయి తిప్పాను. బుస్సుమని గాలి వచ్చింది. కొంచెం తుప్పు చెమ్మ. అంతే.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

ఆవిడ బిందెలు దించి గట్టు మీదే కూలబడింది.

"ఎప్పుడూ ఇంతేనమ్మా. కింద మోటార్లు ఎట్టినకాణ్ణుంచి ఇక్కడికి సుక్క ఎక్కదు. మీ అత్త రోజూ మా కుళాయి కాడికి దిగి మోసుకెల్లేది. ఒద్దే ముసిల్దానా, కోడలికి సెప్పు, అదీ ఓ బిందె తెత్తాది అంటే, నా నోరు నొక్కీసేది. 'దానికి తెలిత్తే నీల్లు లేని కొంపలో ఉంటాదేటి? ఇశాపట్నం ఎల్లిపోద్ది. నా కొడుకు పోనాడు, ఇదీ ఎల్లిపోతే నేనెవలికి వండాలి' అన్నాది. ఒట్టేయించుకున్నాదమ్మా. పోయే ముందు ఆటోలో కూడా నా సెవిలో అదే మాట. డ్రమ్ము ఎండనీకే అని."

కుళాయి ఇంకా తిప్పే ఉంది.

"మరి ఆ రోజు ముల్లు లేచింది కదా పిన్నీ."

తలుపులమ్మ అప్పలనర్సమ్మ వైపు చూసింది. ఈసారి అప్పలనర్సమ్మే చెప్పింది, కొంచెం గర్వంగానే.

"లేవదేటి! సీకటితోనే మీ అత్త ఇంటింటికీ తిరిగినాది. 'ఇయ్యాల మా కోడలికి పరీచ్చ. ఎవులూ కుళాయి తిప్పకండి, మోటార్లు ఎయ్యకండి. ముల్లు లెగాల' అన్నాది. ఈదంతా బిందెలు బోర్లించుకుని కూకున్నాం. ఆ రోజు మాకెవులికీ నీల్లు లేవు. నీ ముల్లు లెగిసినాదని అందరం ఎంత సంబరపడ్డామో!"

దారిలో ఎవరూ కుళాయి తిప్పకపోతే ఆఖరి కుళాయిలో ఒత్తిడి నిండుగా నిలబడుతుంది. నీరు కదలనప్పుడు గొట్టం రాపిడికి ఒత్తిడి తరగదు. ఇది కాలేజీలో మొదటి పాఠం. మోటార్ల చప్పుడు లేదని ఇదే డైరీలో రాశాను. ప్రశాంతంగా ఉందని రాశాను.

నాకు కోపం వచ్చింది. ముందు అత్త మీద వచ్చింది. నీళ్ళు లేకపోతే నేను వెళ్ళిపోతానని ఎందుకనుకున్నావు అని గోడ మీది ఫోటోని అడిగాను. తర్వాత మార్చి పన్నెండో తారీఖు పేజీ తిప్పి చూశాను. జూన్‌లో చూద్దాం. మరి ఆవిడ ఏమనుకోవాలి?

మీటింగుకి వెళ్ళలేదు. ఆ డ్రమ్ములో నీళ్ళు ముట్టుకోలేదు. సాయంత్రం దాకా ఏడ్చి, చివరికి వాటితోనే మొహం కడుక్కున్నాను.

ఏప్రిల్ 4

శ్రీదేవి మేడమ్‌కి చెప్పాను. మెట్టవీధి రీడింగు తప్పు, మళ్ళీ తియ్యాలి అన్నాను.

"రిపోర్టు వెళ్ళి నెలయింది సుప్రియా. వాళ్ళు టెండరుకి సిద్ధమవుతున్నారు."

"తెలుసు మేడమ్. తుప్పు గొట్టం నున్నగా ఉందని రాశాను. అది నున్నగా లేదు."

"నీ ఇంటి కుళాయే కదా. నీళ్ళు రావని నీకు తెలియదా?"

"తెలియదు మేడమ్."

ఆవిడ పాత రిపోర్టు తెరిచి చూశారు. వారంలోగా కొత్త రీడింగు తెస్తే సవరణ పంపిద్దాం, ఒప్పుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం అన్నారు. ప్రోగ్రాముని వెక్కిరించాను, అందరికీ అందిపోయినట్టు అనుకుంటుందని. ఇన్నాళ్ళూ నేనూ అదే అనుకుంటూ ఆ నీళ్ళు పోసుకున్నాను.

ఏప్రిల్ 6

బిందెలు వద్దు పిన్నీ అన్నాను. తలుపులమ్మ వినలేదు. "ఒట్టు నీకెయ్యలేదు, దానికేసేను," అంది.

ఏప్రిల్ 10, గురువారం

కొలత.

పరదేశి మీటరు బిగిస్తుంటే వీధి మళ్ళీ గుమ్మాల్లోకి వచ్చింది. మళ్ళీ బిందెలు బోర్లించారు. తలుపులమ్మ నా చెవిలో అంది, "అందరికీ సెప్పేనమ్మా, కట్టేసి ఉంచమని. మీ అత్త లేదని నీ పరీచ్చ పాడవనిత్తామా?"

నేను వీధి మధ్యలో నిలబడి చెప్పాను. రోజూ ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి. కుళాయిలు తిప్పండి. మోటార్లు వెయ్యండి. ఎవరూ కదల్లేదు. నేనే మొదటి ఇంట్లోకి వెళ్ళి మోటారు స్విచ్ నొక్కాను. అప్పుడు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. వీధంతా గోల మొదలైంది.

ట్యాంకు వదిలారు. ముల్లు కదల్లేదు.

పరదేశి అద్దం మీద వేలితో కొట్టాడు. "మీటరు పోయినట్టుంది మేడం."

"పోలేదు. ఉండనియ్యండి."

అందరూ చూస్తున్నారు. పరీక్ష తప్పిన పిల్లని చూసినట్టు. అప్పుడు ముల్లు కొంచెం వణికింది. వణికి, సన్నగా పైకి లేచింది. తల తిప్పి చూస్తే అప్పలనర్సమ్మ తన మోటారు ఆపేసి గుమ్మంలో నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది. పక్కింట్లో కూడా చప్పుడు ఆగింది. ఆ పక్కన కూడా.

"ఆపకండి!" అని అరిచాను. "దండం పెడతాను, ఎవరూ ఆపకండి. నా ముల్లు లేవక్కర్లేదు."

అరుస్తూనే ఏడ్చేశాను. అందరి ముందూ, పరదేశి ముందూ, కుళాయి పట్టుకుని. ఆ రోజు ఇలాగే ఒక్కో మోటారూ ఆపించుకుంటూ అత్త ఈ వాలు ఎక్కి దిగి ఉంటుంది, ఆ కాళ్ళతో. నా కోసం ఎవరు ఏమిచ్చినా ఇంతకన్నా ఏమిస్తారు? మళ్ళీ మోటార్లు మొదలయ్యాయి. ముల్లు మెల్లగా పడిపోయింది. నీళ్ళు కట్టేసే దాకా అక్కడే నిలబడ్డాను.

మెట్టవీధి, ఆఖరి కుళాయి: సున్నా. అలాగే రాసి సంతకం పెట్టాను. మోడల్‌లో గొట్టం మళ్ళీ గరుకు చేశాను, మోటార్లు కూడా కలిపాను. వీధి ఎర్రబడింది. సవరణ వెళ్ళింది. కొత్త గొట్టం వస్తుందో రాదో తెలియదు.

ఫ్లాటు వద్దని కొలీగ్‌కి మెసేజ్ పెట్టాను. జూన్ దాకా ఆగక్కర్లేదు. ఒక నెల ముందు చెప్పాల్సిన మాట, వినాల్సిన మనిషికి.

ఏప్రిల్ 11, శుక్రవారం

నీళ్ళు రాలేదు.

చీకటితోనే అత్త బిందె తీసుకుని వాలు దిగాను. తలుపులమ్మ అప్పుడే తన బిందెలు ఎత్తుకోబోతోంది. నన్ను చూసి కుళాయి వదిలి పక్కకి జరిగింది. బిందె నడుము మీద ఎలా నిలబెట్టాలో చూపించింది. సగం దారిలో ఆగాల్సి వచ్చింది. అప్పలనర్సమ్మ గోడ దగ్గర అరుగు మీద ఒక చోట నున్నగా అరిగిపోయి ఉంది. బిందె సరిగ్గా అందులో కూర్చుంది. అత్త కూడా ఇక్కడే ఆగేదేమో.

ఎన్నిసార్లు దిగానో లెక్కపెట్టలేదు. ఒక్క డ్రమ్ము కూడా సగం నిండలేదు. అత్త రెండు నింపేది.